అణు విద్యుత్ కేంద్రాల ఆవరణలో, పరిసరాల్లో ఉన్న పురావస్తు స్థలాల రక్షణ ఎక్కడ మొదలు కావాలి?

ప్రశ్న
అడిగినవారు: పురావస్తు విద్యార్థి

నమస్కారం. నేను పురావస్తు శాస్త్రంలో ఎం.ఏ. చివరి సంవత్సరం చదువుతున్నాను. పెద్ద నిర్మాణాల వల్ల పురాతన స్థలాలకు కలిగే నష్టం మీద రాస్తున్న వ్యాసంలో ఒక అధ్యాయాన్ని అణు విద్యుత్ కేంద్రాలకు కేటాయించాను. చదివినకొద్దీ ఒక విషయం నన్ను ఇబ్బంది పెడుతోంది. అణు కేంద్రం, చారిత్రక స్థలం అనే రెండు మాటలు కలిపి వినపడగానే చర్చ అంతా ప్రమాదం మీదికి, రేడియేషన్ మీదికి వెళ్ళిపోతోంది. ఏ ప్రమాదమూ లేకుండా సజావుగా నడిచే కేంద్రం దగ్గర కూడా పాత సమాధులు, ఊరి దిబ్బలు, కోట గోడలు, రాతి పనిముట్లు దొరికే నేలలు దెబ్బతింటున్నాయా, తింటే ఏ దశలో, ఏ పని వల్ల అనే ప్రశ్నకు సూటి జవాబు కనిపించడం లేదు.

ఇంకో సందేహం కంచె గురించి. కేంద్రం చుట్టూ రాత్రింబవళ్ళు కాపలా ఉంటుంది, నిధుల కోసం తవ్వేవారు రాలేరు, ఇళ్ళు కట్టుకునేవారు ఆక్రమించలేరు, కాబట్టి ఆ ఆవరణలోని పురాతన స్థలానికి అంతకు మించిన రక్షణ ఇంకెక్కడా దొరకదని కొందరు వాదిస్తారు. ఈ వాదనను ఎంతవరకు ఒప్పుకోవచ్చు? చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యమైనది. అనుమతులు వచ్చి, పునాదులు తవ్వుతుండగా అనుకోని స్థలం ఒకటి బయటపడితే పని ఆపే అధికారం నిజంగా ఎవరి చేతిలో ఉంటుంది? తవ్వకాల్లో పాల్గొన్నవారు, నిర్మాణ రంగంలో పనిచేసినవారు వివరంగా చెబితే కృతజ్ఞుణ్ణి.

జవాబు
రాసినవారు: కుండపెంకు

రేడియేషన్ సంగతి తరువాత చూద్దాం, ముందు మట్టి సంగతి చూడాలి. మామూలు పరిస్థితుల్లో పురాతన స్థలాన్ని నాశనం చేసేది మట్టి పనే. రియాక్టర్ భవనం ఆక్రమించే నేల మొత్తం ప్రాజెక్టులో చిన్న ముక్క మాత్రమే. దాని చుట్టూ టర్బైన్ భవనం, కూలింగ్ టవర్లు, స్విచ్‌యార్డు, సముద్రం నుంచో నది నుంచో నీళ్ళు తెచ్చే సొరంగాలు, వేడి నీళ్ళను తిరిగి వదిలే కాలువలు, బరువైన యంత్రాలను మోసుకొచ్చే లారీల కోసం వెడల్పు చేసిన రోడ్లు, కార్మికుల వసతి, మెరక చేయడానికి మట్టి తెచ్చుకునే గోతులు, మిగిలిన మట్టి పోసే గుట్టలు, ఇవన్నీ దాటాక ఎంతో దూరం సాగే హై టెన్షన్ లైన్ల స్తంభాలు ఉంటాయి. పురావస్తు నష్టాన్ని లెక్క కట్టేటప్పుడు రియాక్టర్ చుట్టూ ఒక వలయం గీసి ఊరుకుంటే ఇందులో సగం పైగా లెక్కలోకే రాదు.

అణు కేంద్రాలకూ పురాతన స్థలాలకూ ఇంత తరచుగా తాకిడి ఏర్పడడం కాకతాళీయం కాదని కూడా గమనించండి. శీతలీకరణకు అపారమైన నీరు కావాలి, వరద తాకని మెరక కావాలి, గట్టి నేల కావాలి. నీటికి దగ్గరగా, వరదకు దూరంగా, గట్టి నేల మీద ఉండాలని వేల ఏళ్ళ క్రితం మనిషి కూడా కోరుకున్నాడు. కాలిఫోర్నియా తీరంలోని డయాబ్లో కాన్యన్ ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. కేంద్రం కట్టడానికి ముందు 1968లో అక్కడ జరిగిన తవ్వకాల్లో దాదాపు 9,000 ఏళ్ళ నాటి నివాసపు ఆనవాళ్ళు బయటపడ్డాయి. ఇప్పటి చుమాష్ తెగవారు తమ పూర్వీకులవిగా భావించే స్థలం అది. అందులో కొంత భాగం ఈనాటికీ విద్యుత్ సంస్థ ఆవరణలోనే ఉంది. ఇంగ్లండులోని హింక్లీ పాయింట్‌లో అయితే కేంద్రం పక్కనే విక్ బారో అనే కంచు యుగపు సమాధి దిబ్బ ఉంది. 1907లో దాన్ని తవ్వినప్పుడు అస్థిపంజరాలు, వాటితోపాటు పెట్టిన బీకర్ రకం కుండలు దొరికాయి. తరువాతి కాలంలో దాని పక్కనే ఒకదాని తరువాత ఒకటిగా రెండు అణు కేంద్రాలు లేచి, మూడోది కడుతున్నా, చట్టపరమైన రక్షణ ఉన్నందువల్ల దిబ్బ నిలిచింది. అయితే అది కంటికి కనిపించే దిబ్బ కాబట్టే ముందుగా జాబితాకెక్కిందని మరచిపోకూడదు.

కంటికి కనిపించని వాటి మాటేమిటి? సర్వేలో మొదట పాత పటాలు, విమానం నుంచి తీసిన ఫోటోలు, లైడార్ (లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే పద్ధతి) చిత్రాలు చూస్తారు, ఆ తరువాత నేలలోని అయస్కాంత తేడాలను పసిగట్టే మాగ్నెటోమీటర్‌తో నేలంతా నడుస్తారు. పొయ్యిలు, బట్టీలు, పూడిపోయిన కందకాలు ఈ పరికరానికి చక్కగా అందుతాయి. కాల్చని మట్టిలో తీసిన సమాధి గుంటలు, చెదిరిన రాతి పనిముట్లు చాలాసార్లు అందవు. అందుకే పరీక్షా కందకాలు తప్పవు. బ్రిటన్‌లో సాధారణంగా ప్రాజెక్టు నేలలో 2 నుంచి 5 శాతం మేర ఈ కందకాలు తీస్తారు, అంటే పూర్తి నిజాయితీతో చేసిన సర్వే కూడా నేలలో అధిక భాగాన్ని తెరిచి చూడదన్నమాట. ఇంగ్లండులోని సఫోక్ తీరంలో సైజ్‌వెల్ సి అనే కొత్త అణు కేంద్రం పనులకు ముందు జరిగిన తవ్వకాల్లో 11వ శతాబ్దపు వెండి నాణేలు 321 ఒకేచోట దొరికాయి. గుడ్డలోనూ సీసపు రేకులోనూ చుట్టి పాతిపెట్టిన ఆ మూట ఎంత చిన్నదంటే, పరీక్షా కందకం ఒక అడుగు పక్కగా పోతే అలాంటిది చేతికి చిక్కదు. ఆ తరువాత వచ్చే బుల్‌డోజర్ నడిపే మనిషికి అది కంటపడే అవకాశం లేదు.

నా దృష్టిలో మీ అధ్యాయానికి కీలకం ఇక్కడే ఉంది. తవ్వి తీయడం కూడా ఒక విధంగా నాశనం చేయడమే. పొరల వరస ఒకసారి విడిపోయాక దాన్ని తిరిగి పేర్చలేము, రేపటి పరిశోధకుడికి మన నోట్సు, ఫోటోలు తప్ప ఇంకేమీ మిగలదు. కాబట్టి స్థలాన్ని ఉన్నచోటే వదిలేసి నిర్మాణాన్ని పక్కకు జరపడం ఉత్తమం, తవ్వి నమోదు చేయడం చివరి మార్గం. నిర్మాణాన్ని జరపడమన్నది కాగితం మీద గీతలు ఉన్నప్పుడే సాధ్యం. రియాక్టర్ పునాదికి రాతి పొరను ఎంచుకుని, భూకంప పరీక్షలు ముగిసి, నీటి సొరంగాల దారి ఖాయమయ్యాక పురావస్తు నివేదిక వస్తే, ఆ నివేదిక ఎంత గొప్పగా ఉన్నా దాన్ని చూసి గోడ ఒక్క అడుగు కూడా జరగదు. స్థలం ఎంపిక చేసే కమిటీ ముందు భూగర్భ శాస్త్రజ్ఞుడి నివేదికతోపాటు పురావస్తు నివేదిక కూడా అదే రోజున ఉండాలి.

జవాబు
రాసినవారు: సివిల్ ఇంజనీరు (విశ్రాంత)

కుండపెంకు గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, నిర్మాణం వైపు నుంచి కొన్ని విషయాలు జోడిస్తాను. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం భారీ పునాదుల పనుల్లోనే గడిచింది.

నష్టం తవ్విన గొయ్యి అంచుతో ఆగిపోదు. లోతైన పునాది కోసం గొయ్యి తీసేటప్పుడు భూగర్భ జలాన్ని నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి పంపులతో తోడేస్తారు. దాంతో గొయ్యికి చాలా దూరం వరకు నీటిమట్టం పడిపోతుంది. తడి నేలలో గాలి తగలకుండా ఉన్నందువల్లనే వేల ఏళ్ళు చెడకుండా నిలిచిన కర్ర, తోలు, గింజలు, బుట్టల అల్లిక అప్పుడు ఒక్కసారిగా గాలి తగిలి కుళ్ళిపోతాయి. పైన గడ్డి పచ్చగానే ఉంటుంది, ఎవరూ గునపం వేసి ఉండరు, కానీ కింద స్థలం చచ్చిపోయి ఉంటుంది. దీనికి విరుగుడు లేకపోలేదు. గొయ్యి చుట్టూ నీరు దాటని డయాఫ్రమ్ గోడ కడితే బయట నీటిమట్టం చాలావరకు నిలబడుతుంది, పురావస్తు స్థలం వైపు నీటిమట్టం కొలిచే గొట్టాలు దించి వారం వారం చూసుకోవచ్చు. అయితే ఆ గొట్టాలు పని మొదలవడానికి కనీసం ఏడాది ముందే దించి ఉండాలి, లేకపోతే వానాకాలం హెచ్చుతగ్గులేవో, మన పంపుల పనేదో చెప్పలేము.

రెండోది కంపనం. రాయి పేల్చినా, పైల్స్ (లోతైన పునాది స్తంభాలు) దించినా నేల వణుకుతుంది. సున్నం గచ్చుతో కట్టిన పాత గోడ ఆ వణుకును కాంక్రీటు గోడలా తట్టుకోలేదు. జర్మన్ ప్రమాణం డిఐఎన్ 4150 మూడో భాగం సున్నితమైన చారిత్రక కట్టడాల పునాది దగ్గర, తక్కువ పౌనఃపున్యంలో, సెకనుకు 3 మిల్లీమీటర్ల కంపన వేగాన్ని పరిమితిగా చెబుతుంది. నివాస గృహాలకు అదే ప్రమాణం 5 మిల్లీమీటర్లు ఇస్తుంది. ఒప్పందంలో ఈ అంకె రాయకుండా "తగు జాగ్రత్త తీసుకోవాలి" అని మాత్రమే రాస్తే కాంట్రాక్టర్ మీద ఏ బాధ్యతా ఉండదు.

నా అనుభవంలో అతిపెద్ద నష్టం మాత్రం ఈ రెండింటి వల్లా జరగలేదు, తాత్కాలిక పనుల వల్ల జరిగింది. ఒక ప్రాజెక్టులో (పేరు చెప్పను) పాత సమాధుల ప్రాంతాన్ని సర్వేలో గుర్తించారు, ప్రధాన నిర్మాణాన్ని దానికి దూరంగా జరిపారు, నివేదిక ఆమోదం పొందింది. రెండేళ్ళ తరువాత వానలకు పాత దారి బురదమయమైతే, సబ్ కాంట్రాక్టర్ లారీల కోసం అదే ప్రాంతం మీదుగా మొరం దారి వేశాడు. అతనికి దురుద్దేశం ఏమీ లేదు. సమాధుల హద్దులు గీసిన పటం రహస్య పత్రాల బీరువాలో ఉంది, అతని చేతిలోని డ్రాయింగులో ఆ చోటు ఖాళీ నేలగా కనిపించింది. నేను వెళ్ళి చూసేసరికి మొరం కింద నుంచి తీసి పక్కన పోసిన మట్టిలో బూడిద రంగు చార, అందులో ఎర్రటి కుండపెంకులు, వాటి విరిగిన అంచులు ఇంకా కొత్తగా మెరుస్తూ కనిపించాయి.

స్థలాల ఆచూకీ బయటపెట్టకూడదన్న నియమం సరైనదే. నిధి వేటగాళ్ళ చేతికి పటం ఇచ్చినట్టు కాకూడదు. కానీ ఆ రహస్యం యంత్రం నడిపే మనిషి దాకా వెళ్ళి అక్కడ ప్రమాదంగా మారుతోంది. పరిష్కారం తేలికైనదే. పని డ్రాయింగులన్నింటిలోనూ ఆ ప్రాంతాన్ని గళ్ళు గీసి "ఇక్కడ తవ్వకూడదు, వాహనాలు నడపకూడదు" అని గుర్తించాలి, కారణం రాయనక్కర్లేదు. కింద కరెంటు కేబుల్ ఉందో, సమాధి ఉందో ఎక్స్‌కవేటర్ నడిపే వ్యక్తికి తెలియనక్కర్లేదు, ఆగాలని తెలిస్తే చాలు. తవ్వకానికి అనుమతి చీటీ ఇచ్చే పద్ధతి అణు కేంద్రాల్లో ఎలాగూ కట్టుదిట్టంగా ఉంటుంది, ఆ చీటీ మీద పురావస్తు గడి ఒకటి చేర్చి, అది నిండనిదే సంతకం పెట్టకుండా ఉంటే సగం నష్టం ఆగిపోతుంది. కేంద్రం నడిచే కాలంలో కూడా ఇదే వర్తిస్తుంది. అమెరికాలో మొదటి లైసెన్సు 40 ఏళ్ళకు, ఆపైన పొడిగింపు 20 ఏళ్ళకు ఇస్తారు. అంత కాలంలో ఎన్ని పైపులు మారుస్తారో, ఎన్ని కొత్త షెడ్లు వేస్తారో, ఎన్ని కాపలా బురుజులు కడతారో ఊహించండి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద పనిగా ఎవరి దృష్టికీ రాదు.

జవాబు
రాసినవారు: నదీతీరం

కంచె గురించి అడిగారు కాబట్టి అమెరికాలోని హాన్‌ఫర్డ్‌ను పరిశీలించమని సూచిస్తాను. అది విద్యుత్ కేంద్రంగా కాక ప్లుటోనియం తయారీ కోసం మొదలైనదే అయినా, కంచె చేసే మేలూ కీడూ అంత స్పష్టంగా మరెక్కడా కనిపించవు. 1943లో కొలంబియా నది ఒడ్డున దాదాపు 1,500 చదరపు కిలోమీటర్ల నేలను సైనిక అవసరం పేరిట మూసివేశారు. నదికి ఎగువన, దిగువన ఆనకట్టల కింద పాత ఆవాసాలు మునిగిపోయాయి, చుట్టుపక్కల నేలలు నాగళ్ళ కింద తిరగబడ్డాయి, మూసివేసిన ప్రాంతంలో మాత్రం వేల ఏళ్ళ నాటి నివాస స్థలాలు చాలావరకు నిలిచాయి. ఇది కాదనలేని సత్యం, కంచెను సమర్థించేవారి వాదనలో ఉన్న బలమంతా ఇదే.

అదే కంచె అక్కడి ఆదివాసులైన వనపమ్ ప్రజలను వాళ్ళ చలికాలపు ఆవాసాల నుంచి, చేపలు పట్టే రేవుల నుంచి, పెద్దల సమాధుల నుంచి వేరు చేసింది. యకమా, ఉమటిల్లా, నెజ్ పెర్స్ తెగలకు 1855 నాటి ఒప్పందాల ప్రకారం ఆ ప్రాంతంలో ఉన్న హక్కులు దశాబ్దాల పాటు కాగితానికే పరిమితమయ్యాయి. యువకులు ఉపవాసంతో దీక్ష చేసే పవిత్ర స్థలమైన గేబుల్ పర్వతంలోనే 1970ల చివరలో అణు వ్యర్థాల నిల్వపై ప్రయోగాల కోసం సొరంగాలు తొలిచారు. ఆ సొరంగాలు తొలిచినవాళ్ళు కంచె లోపలివాళ్ళే. దొంగలను ఆపగలిగిన కంచెకు సొంత సంస్థను ఆపే శక్తి లేదు.

అందుకే "కంచె ఉంది కాబట్టి రక్షణ ఉంది" అన్న మాటను నేను ఒప్పుకోను. ఆ స్థలం ఎవరి పూర్వీకులదో వాళ్ళకు ఏడాదిలో నిర్ణీత రోజుల్లో లోపలికి వెళ్ళే హక్కు రాతపూర్వకంగా ఉండాలి. అది మానవత్వం మాత్రమే కాదు, పర్యవేక్షణ కూడా. తమ పెద్దల సమాధులను క్రమం తప్పకుండా చూసేవారికి అక్కడ మట్టి జారినా, రాయి కదిలినా ముందుగా తెలుస్తుంది. స్వీడన్‌లోని ఫోర్స్‌మార్క్ పరిస్థితి వేరు. అక్కడ కేంద్రానికి దగ్గర్లోని పాత ఇనుప కార్ఖానా గ్రామం ఆవరణ కంచెకు బయటే ఉంది, దాని చెట్ల వరసలు, తెల్లని ఇళ్ళు, కొలను బాగోగులతో ఉన్నాయి, జనం వచ్చి చూస్తున్నారు. అన్ని స్థలాలకూ ఇలాంటి అదృష్టం దొరకదు.

అడిగినవారి స్పందన
పురావస్తు విద్యార్థి

ముగ్గురికీ ధన్యవాదాలు. తాత్కాలిక దారి గురించి ఇంజనీరు గారు చెప్పింది ఏ పుస్తకంలోనూ చదవలేదు. ప్రమాదాన్ని అధ్యాయంలో నుంచి పూర్తిగా తీసేయాలా? ఫుకుషిమా ప్రాంతంలోని మ్యూజియంల వస్తువులను బయటికి తెచ్చారని విన్నాను. కదపలేని స్థలాల గతి ఏమైంది?

జవాబు
రాసినవారు: వస్తు సంరక్షకురాలు

తీసేయవద్దు. ప్రమాదం వచ్చినప్పుడు పురాతన స్థలానికి రేడియేషన్ చేసే నష్టం కంటే మనిషి లేకపోవడం చేసే నష్టం ఎక్కువ, ఆ కోణంలో రాయండి. 2011 మార్చి 11 భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం తరువాత ఫుతాబా, ఒకుమా, తొమియోకా పట్టణాల ప్రజలను ఖాళీ చేయించారు. అక్కడి స్థానిక మ్యూజియంలలో తవ్వకాల్లో దొరికిన కుండలు, పాత గ్రామ దస్తావేజులు, జానపద వస్తువులు కరెంటు లేని గదుల్లో, తేమను అదుపు చేసే యంత్రాలు ఆగిపోయిన స్థితిలో ఉండిపోయాయి. 2012 నుంచి సంరక్షకుల బృందాలు రక్షణ దుస్తుల్లో లోపలికి వెళ్ళి, ఒక్కొక్క వస్తువు ఉపరితలాన్ని కొలిచే పరికరంతో చూసి, పరిమితికి లోబడినవాటిని పెట్టెల్లో సర్ది బయటికి తెచ్చాయి. వాటిని మొదట సోమా పట్టణంలో మూతపడిన ఒక పాఠశాల భవనంలో ఉంచి, ఆ తరువాత షిరకవాలో ఫుకుషిమా ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) నడిపే కేంద్రానికి తరలించారు. ఈ పనిలో ఎక్కువ సమయం కొలతలకే పోయిందని ఊహించడం కష్టం కాదు. ఏ వస్తువు ఏ అలమారలో ఉందో చెప్పే జాబితా బయట ఇంకోచోట కూడా ఉంటే, లోపల గడిపే ప్రతి నిమిషానికీ విలువ ఉన్న అలాంటి చోట ఎంత మేలు జరుగుతుందో ఆలోచించండి.

కదపలేని స్థలాలకు ఉదాహరణ ఫుతాబాలోని కియొతోసాకు గుహ సమాధి. 1967లో బయటపడిన ఈ సమాధిలో వెనుక గోడ మీద ఎర్ర రంగుతో గీసిన పెద్ద సుడి, దాని చుట్టూ మనుషులు, గుర్రాలు ఉంటాయి. మెత్తటి రాతిలో తొలిచిన గది అది. రంగు నిలబడాలంటే లోపలి తేమ స్థిరంగా ఉండాలి, బూజు పడుతోందేమో ఎవరో ఒకరు వెళ్ళి చూస్తూ ఉండాలి. మనిషి అడుగు పెట్టడానికే ప్రత్యేక అనుమతి కావలసిన ప్రాంతంలో అది చిక్కుకుపోయింది. తలుపు మూసి ఉండడం ఇలాంటి గుహకు కొంత మేలే, కానీ పైనున్న కొండచరియ మీద చెట్లు అదుపు లేకుండా పెరిగితే వేళ్ళు పగుళ్ళలోకి దిగుతాయి, వాననీటి కాలువలు పూడిపోతే నీరు రాతిలోకి ఇంకుతుంది. గుహలో తేమ, ఉష్ణోగ్రత కొలిచి దూరానికి పంపే చిన్న పరికరాలు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి. అత్యవసర ప్రణాళిక పరిధిలో ఉన్న ప్రతి చిత్రిత గుహలోనూ, పాత ఆలయంలోనూ వీటిని మామూలు రోజుల్లోనే అమర్చాలి. చెర్నోబిల్ చుట్టుపక్కల ఖాళీ అయిన పల్లెల నుంచి ఉక్రెయిన్ పరిశోధకులు ఏళ్ళ తరబడి మగ్గాలు, ఎంబ్రాయిడరీ బట్టలు, పాత ఫోటోలు సేకరించి కాపాడారు. చెక్క ఇళ్ళను మాత్రం అలా మోసుకురాలేకపోయారు. నిప్పుకో, చెదకో, కప్పు కూలడానికో అవి బలయ్యాయి.

మీ అధ్యాయంలో ఆర్మేనియాను కూడా చేర్చండి. అక్కడి మెట్సమోర్ అణు కేంద్రానికి పేరు అదే ప్రాంతపు పురాతన ఆవాసంతో కలుస్తుంది. కంచు, తొలి ఇనుప యుగాల నాటి ఆ దిబ్బ మీద 1965 నుంచి తవ్వకాలు జరుగుతున్నాయి. 1988 డిసెంబరు భూకంపం తరువాత 1989లో కేంద్రాన్ని ఆపేశారు, కరెంటు కొరత భరించలేక 1995లో ఒక యూనిట్‌ను తిరిగి నడిపించారు. భూకంపాలు వచ్చే నేలలో కేంద్రానికి చేసే భద్రతా అధ్యయనాలు అంత వివరంగా ఉంటాయి కదా, ఆ లెక్కలను పక్కనున్న పాత గోడలకు కూడా వర్తింపజేసి చూడడానికి పెద్దగా అదనపు ఖర్చు అవసరం లేదు.

జవాబు
రాసినవారు: కుండపెంకు

భారతదేశం గురించి ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి ఒక మాట. తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రం పక్కనే సద్రాస్‌లో 17వ శతాబ్దపు డచ్ కోట, దానిలోపల చెక్కిన సమాధి ఫలకాలు ఉన్నాయి. ఉత్తరాన తీరం వెంట కొద్ది దూరంలోనే 1984లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన మహాబలిపురం ఉంది. రక్షిత కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరో 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. ఈ నియమం బలమైనదే. కానీ అది జాబితాలో ఉన్న కట్టడానికి మాత్రమే వర్తిస్తుంది. 2004 డిసెంబరు 26 సునామీ కల్పాక్కంలో నిర్మాణంలో ఉన్న ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ పునాది గొయ్యిని నీటితో నింపేసింది. అదే సునామీ మహాబలిపురానికి ఉత్తరాన సాలువన్‌కుప్పం దగ్గర ఇసుకను కోసి ఒక రాతి మీది శాసనాన్ని బయటపెట్టింది, ఆ జాడ పట్టుకుని పురావస్తు శాఖ 2005లో తవ్వితే ఇటుకలతో కట్టిన సుబ్రహ్మణ్య ఆలయం దొరికింది. అంతకు ముందు రోజు వరకు ఆ ఆలయం ఏ జాబితాలోనూ లేదు, ఏ 100 మీటర్ల నియమమూ దాన్ని కాపాడి ఉండేది కాదు. తీరం వెంట కట్టే ఏ అణు కేంద్రానికైనా ఇసుక మేటల కింద ఉన్నదాన్ని చూడడానికి ప్రత్యేక సర్వే ఉండి తీరాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

జవాబు
రాసినవారు: సివిల్ ఇంజనీరు (విశ్రాంత)

పని ఆపే అధికారం ఎవరిదన్న మీ ముఖ్యమైన ప్రశ్న మిగిలిపోయింది. ఒక్కో దేశంలో ఒక్కో తీరు. అమెరికాలో 1966 నాటి చారిత్రక పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం, లైసెన్సు ఇచ్చే ముందు అణు నియంత్రణ కమిషన్ చారిత్రక స్థలాలపై ప్రభావాన్ని పరిగణించాలి, రాష్ట్ర పరిరక్షణ అధికారిని, సంబంధిత తెగలను సంప్రదించాలి. ఈ సెక్షన్ సంప్రదింపును తప్పనిసరి చేస్తుంది, స్థలాన్ని కాపాడి తీరాలని మాత్రం అనదు. పని జరుగుతుండగా కొత్త స్థలం బయటపడితే, ముందే కుదిరిన ఒప్పందం ఉంటే దాని ప్రకారం నడవాలి, లేకపోతే 48 గంటల్లోగా వీళ్ళందరికీ తెలియజేయాలి.

ఇందులో ఒక పెద్ద సందు ఉంది. 2007లో మారిన కమిషన్ నిబంధనల ప్రకారం చెట్లు కొట్టడం, నేల చదును చేయడం, గొయ్యి తవ్వడం వంటివి "నిర్మాణం" నిర్వచనంలోకి రావు, కాబట్టి కమిషన్ అనుమతి లేకుండానే వాటిని మొదలుపెట్టవచ్చు. పురావస్తు స్థలాన్ని చంపేది ఆ పనులేనని పైన అందరం చెప్పాం. సంప్రదింపులను తప్పించుకోవడానికి ఉద్దేశపూర్వకంగా స్థలాన్ని పాడుచేసిన దరఖాస్తుదారుకు సాధారణంగా లైసెన్సు ఇవ్వకూడదని 1966 నాటి చట్టంలోని 110(కె) సెక్షన్ చెబుతుంది, కానీ ఉద్దేశాన్ని రుజువు చేయడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. మీరు ఏ దేశం గురించి రాసినా, లైసెన్సు తేదీని కాకుండా మొదటి బుల్‌డోజర్ దిగిన తేదీని పట్టుకుని, ఆ రోజుకు ఏ సర్వే పూర్తయిందో చూడండి.

చట్టం ఎలా ఉన్నా, పని జరిగే చోట ఆపేది కాంట్రాక్టు కాగితమే. పైమట్టి తీసేటప్పుడు పళ్ళు లేని బకెట్ వాడాలని, ప్రతి యంత్రం పక్కన ఒక పురావస్తు పరిశీలకుడు ఉండాలని, అతను చెయ్యి ఎత్తితే అక్కడికక్కడే యంత్రం ఆగాలని, అలా ఆగిన గంటలకు కాంట్రాక్టర్‌కు డబ్బు చెల్లించాలని టెండర్‌లోనే రాయాలి. అన్నిటికంటే ముఖ్యమైన నిబంధన చివరిదే. ఆగిన ప్రతి గంటా తనకు నష్టమైతే ఏ సూపర్‌వైజరూ ఎముక కనిపించిందని చెప్పడు. ఆ గంటలకు వేరే ఖాతా ఉంటే, పరిశీలకుడి కంటే ముందు డ్రైవరే యంత్రం ఆపి పిలుస్తాడు. నేను ఈ నిబంధన ఉన్న పనులూ చూశాను, లేని పనులూ చూశాను. మీకు టెండర్ పత్రాలు దొరికితే ముందు చెల్లింపుల అధ్యాయం తెరవండి, పురావస్తు అధ్యాయం ఆ తరువాత చదవండి.